దామెర్ల రామారావు చిత్రశాలలో ‘రాగోదయం’: ఒక పరిశీలన

రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలకు వచ్చేవారిలో అధికులు చిత్రాలకన్నా ముందు చిత్రకారుని ఆయుఃప్రమాణాన్ని తెలుసుకొని లోనికి అడుగుపెడతారు. 1897లో జననం, 1925లో మశూచితో మరణం. ఇరవై ఎనిమిదో ఏట ముగిసిన ఆ జీవితం పట్ల కలిగే విషాదం చిత్రాల మీద ఒక నీడలా పరచుకుంటుంది. ఫలితంగా చిత్రశాల స్మారక మందిరంగా మారి, చూపు సానుభూతి దగ్గరే ఆగిపోతుంది. దామెర్లపై తెలుగులో వచ్చిన వ్యాసాలు కూడా చాలావరకు ఈ ధోరణినే పోషించాయి. చిత్రాలు చెప్పే విషయం మాత్రం వేరు.

రాజమహేంద్రవరం కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొందారు. అక్కడ అలవడిన దేహనిర్మాణ జ్ఞానం ఆయన రేఖకు పునాది. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ ద్వారా తెలుగునేలకు చేరిన వంగ చిత్రరీతికీ ఈ రేఖకూ ఉన్న భేదాన్ని గుర్తించకుండా రెండింటినీ ‘జాతీయ పునరుజ్జీవనం’ అనే ఒకే గాట కట్టడం విమర్శకు సౌకర్యమే గాని న్యాయం కాదు.

‘సిద్ధార్థ రాగోదయం’ అనే పేరే విశేషమైనది. బుద్ధచరితను చిత్రించేవారిని సాధారణంగా ఆకర్షించేవి మహాభినిష్క్రమణం, సంబోధి, నిర్యాణం. రామారావు వీటిని విడిచి, విరాగి కాబోయేవాని మనసులో అనురాగం అంకురించిన క్షణాన్ని ఎన్నుకున్నారు. సంస్కృతంలో ‘రాగ’ శబ్దానికి అనురాగమనే అర్థంతోపాటు వర్ణం, ఎరుపు అనే అర్థాలూ ఉన్నాయి. ఈ శ్లేష చిత్రకారుడు ఉద్దేశించినదో కాదో నిర్ణయించవలసిన అగత్యం లేదు. వర్ణాలతో పనిచేసేవాని చిత్రానికి అంతకన్నా తగిన పేరు దొరకడం కష్టం. ప్రేక్షకునికి సిద్ధార్థుని భవిష్యత్తు తెలుసు, సిద్ధార్థునికి తెలియదు. చిత్రంలోని ఉత్కంఠ ఈ వ్యత్యాసం నుంచే పుడుతుంది.

‘ఋష్యశృంగ బంధనం’ ఇదే ఆలోచనకు మరో ముఖం. స్త్రీ అంటే ఎరుగని మునికుమారుడు తొలిసారి స్త్రీని చూస్తాడు. దీనిని తపోభంగ కథగా, పతనంగా చదవడం సులభం. రామాయణ కథలో మాత్రం అతడు అంగదేశంలో అడుగుపెట్టగానే వాన కురుస్తుంది, అనావృష్టి తీరుతుంది. అక్కడ బంధనం లోకానికి మేలు చేసింది. రెండు చిత్రాల ఇతివృత్తమూ ‘తొలిచూపు’ కావడం యాదృచ్ఛికంగా తోచదు. సౌందర్యానికి వశం కావడాన్ని అపరాధంగా భావించని దృష్టి వీటిలో ఉంది.

ఇక్కడే భావకవిత్వంతో పోలిక అవసరమవుతుంది. రామారావు కుంచె పట్టిన కాలం భావకవుల కాలమే గనుక ఆయనను ‘వర్ణాలలో భావకవి’గా భావించడం కద్దు. రాయప్రోలు ‘తృణకంకణం’లోని అమలిన శృంగారం ప్రేమను దేహానికి అతీతమైన స్నేహంగా మారుస్తుంది. రామారావు రేఖ దేహాన్ని దాటిపోదు. ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాలలోని స్త్రీలకు బరువుంది, భంగిమ ఉంది. వారు ఊహాసుందరులు కారు. కవిత్వం సంకోచించిన చోట చిత్రం ముందడుగు వేసిందనడం సమంజసం. ఈ వ్యత్యాసం తెలుగు సాహిత్యచరిత్రల దృష్టికి అంతగా రాలేదు.

మరొక సంగతి. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. చిత్రాలలోని స్త్రీమూర్తులను అంతగా ప్రశంసించే విమర్శ, కుంచె పట్టిన ఈ స్త్రీలను పేర్ల ప్రస్తావనతో సరిపెట్టడం విచిత్రం. రామారావు మరణానంతరం ఆయన సంప్రదాయాన్ని నిలిపిన వరదా వెంకటరత్నం కృషికి కొంత గుర్తింపు దక్కింది. వారిరువురి రచనలపై ప్రత్యేక పరిశోధన ఇంకా రావలసే ఉంది.

చిత్రశాలను పరిశోధనకు వినియోగించుకోదలచినవారు పూర్తయిన వర్ణచిత్రాలతోపాటు రేఖాచిత్రాల వద్ద కూడా నిలవాలి. ఒక చేయి వంపును, ఒక మెడ వాలును చిత్రకారుడు ఎట్లా అన్వేషించాడో అక్కడే తెలుస్తుంది. నీటిరంగులు వెలుతురుకు క్రమంగా వెలిసిపోతాయి గనుక ఈ అధ్యయనానికి కాలపరిమితి ఉంది.