బరిలోకి దిగే ముందు

వేసవి సెలవులలో గుంటూరు, ప్రకాశం ప్రాంతాల బడి మైదానాలలో కరాటే, తైక్వాండో, కుస్తీ, కర్రసాము నేర్చుకొనే పిల్లలు కనబడుతుంటారు. పోటీకి ముందు వారిచేత చేయించే సన్నాహములో రెండు అలవాట్లు పలుచోట్ల ఉన్నవి. ఒళ్లు అలసిపోయేదాకా దండేలు, బస్కీలు తీయించుట ఒకటి. కాలు చాపి, నడుము వంచి, ఒక్కొక్క కండరాన్ని నిమిషాల తరబడి సాగదీసి నిలుపుట రెండవది. శాస్త్రదృష్టితో పరిశీలించినచో మొదటిది వేళ తప్పినదనీ, రెండవది మోతాదు తప్పినదనీ తేలును.

దండేలు, బస్కీలను తక్కువ చేయుట మన ఉద్దేశము కాదు. విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, ఇనుప గొలుసులు తెంచి పేరుగాంచిన కోడి రామమూర్తినాయుడు వంటి మల్లులను తయారుచేసినది ఇట్టి సాధనయే. కాని ఆ బలము ఏండ్ల తరబడి చేసిన కృషికి ఫలము. పోటీకి అరగంట ముందు తీసిన నూరు బస్కీలు బలమును పెంచవు, అలసటను మిగుల్చును. విత్తు నాటిన నాడే పత్తి ఏరబోయినట్లుండును.

సాగదీసి నిలుపుటలోనూ ఇట్టి చిక్కే ఉన్నది. ఒకే కండరమును 60 సెకన్లకు మించి అట్లు నిలిపిన వెంటనే దాని బలము సగటున 4, 5 శాతము తగ్గుచున్నదని పరిశోధనలు తెలుపుచున్నవి. కొద్ది సెకన్లు సాగదీసినందువలన చెప్పుకోదగిన నష్టము లేదు.

బరిలో కావలసినది బలము మాత్రమే కాదు. రెప్పపాటులో వెలువడే బలము. కండరము ఎంత వేగముగా కుంచించుకొన్నచో అది చూపగల బలము అంత తగ్గునని 1938లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఏ. వి. హిల్ నిరూపించెను. కనుక నెమ్మదిగా చేసే వ్యాయామము ఒక్కటే చురుకైన తన్నును ఇవ్వజాలదు. ఈ లోటు తీర్చుటకు 1960 దశకములో సోవియట్ శిక్షకుడు యూరి వెర్ఖొషాన్‌స్కీ గెంతుల సాధనను శాస్త్రీయముగా రూపొందించెను. 1975 నుండి అట్టి వ్యాయామాలకు ప్లయోమెట్రిక్స్ అను పేరు వచ్చినది.

దీని సూత్రము మన పిల్లలకు కొత్తది కాదు. ఉండేలు రబ్బరును లాగి వదలినప్పుడు రాయి దూసుకొనిపోవును. అట్లే నేలపై దిగినప్పుడు సాగిన కండరములు, వాటిని ఎముకలతో కలిపే స్నాయుబంధనములు కొంత శక్తిని నిలువచేసి, వెంటనే పైకి గెంతినచో తిరిగి ఇచ్చును. ఆలస్యమైనచో ఆ శక్తి వేడిగా మారిపోవును. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు ఇట్టిదే.

అయితే ఈ కొత్త పద్ధతిని గుడ్డిగా అనుసరించుటయు దోషమే. ఎత్తునుండి దూకి గెంతుట ముందే బలము సంపాదించినవారికి తగినది. మోకాళ్లు లోపలికి వంగకుండ పది బస్కీలు నిదానముగా తీయలేని బాలుని బల్లమీదినుండి దూకించరాదు. ఎండకు నెరలు విచ్చిన నల్లరేగడి నేల గెంతులకు పనికిరాదు, పాదము మడతపడును. గోదాలో వలె మట్టిని గుల్లచేసి చదును చేయవలెను.

పాత కొత్తలలోని మేలును కలుపుకొన్న సన్నాహము ఇట్లుండవచ్చును: ఐదు నిమిషములు తేలికపాటి పరుగు, పిదప కాళ్లు చేతులు ఊపుచు, తిప్పుచు కీళ్ల కదలిక, ఐదారు బస్కీలు, చివర పది, పదిహేను చురుకైన చిన్న గెంతులు, కొద్దిపాటి విశ్రాంతి. కండరము వేడి ఒక డిగ్రీ పెరిగినచో దాని పనితనము 2 నుండి 5 శాతము మెరుగుపడును. ఎండ ఒంటిని వేడిచేయును గాని నరములను, కండరములను ఆటకు సిద్ధము చేయదు. అందుకు కదలికయే కావలెను. రెంటచింతల వంటి చోట్ల వేసవి వేడి 45 డిగ్రీలు దాటుట కద్దు. అట్టి దినములలో ఈ సన్నాహమును ఉదయమే, నీడపట్టున, నీరు త్రాగించి, క్లుప్తముగా ముగించవలెను.

ఇందు నిజమెంతయో బడిలోనే తేల్చుకొనవచ్చును. విద్యార్థి వ్రేళ్లకు సుద్దపొడి అద్దుకొని, గోడప్రక్కన నిలిచి ఎగిరి గుర్తు పెట్టవలెను. ఒకనాడు నూరు బస్కీల పిదప, ఒకనాడు దీర్ఘముగా సాగదీసిన పిదప, ఒకనాడు పైన చెప్పిన సన్నాహము పిదప ఆ ఎత్తు కొలిచి వ్రాసికొనవలెను. తరగతిలోని పిల్లలందరి సగటు చూచిన పిమ్మట ఏ పద్ధతిని ఉంచవలెనో, దేనిని విడువవలెనో వ్యాయామోపాధ్యాయుడే నిర్ణయించవచ్చును. ఆచారముకంటె గోడమీది ఆ సుద్దగీటు నమ్మదగిన సాక్షి.