వర్ణం, బడి, కోయ బాల్యం: తెలుగు రంగుమాటలపై విమర్శనాత్మక పరిశీలన

పిల్లల వర్ణదృష్టిని గురించిన చర్చ ఎక్కడ మొదలైనా అమెరికాలోని బొమ్మల పరీక్ష దగ్గరికి చేరుతుంది. కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు 3 నుండి 7 ఏళ్ల వయసుగల 253 మంది నల్లజాతి పిల్లల ముందు రంగులో తప్ప తేడాలేని బొమ్మలను ఉంచి ప్రశ్నించి, 1947లో ఫలితాలను ప్రకటించారు. ఎక్కువమంది తెల్లబొమ్మకే మొగ్గారు. తమను పోలిన బొమ్మను చూపమన్నప్పుడు కొందరు కంటతడి పెట్టారు. ఈ నమూనాను భద్రాచలం ఏజెన్సీ బడికి యథాతథంగా తేవచ్చునా అన్నది ఇక్కడి ప్రశ్న.

తేవడానికి తొలి అవరోధం భాషలోనే ఉంది. తెలుగులో ‘వర్ణం’ రంగూ అవుతుంది, కులవ్యవస్థా అవుతుంది. ‘ఎర్రగా ఉన్నాడు’ అన్నప్పుడు ఎరుపు కంటికి కనిపించే రంగు కాదు, మెప్పు. ‘చామనచాయ’ తరచుగా ‘నలుపు’ అనకుండా తప్పుకొనే మర్యాద. ‘నల్లగా ఉన్నా కళైన ముఖం’ అనే ప్రశంసలోని అప్యర్థకం నలుపును లోపంగా ముందే ఒప్పుకుంటుంది. ‘నలుపు నారాయణ మెచ్చు’ అనే సామెత కూడా ఓదార్పే. ఓదార్పు అవసరమైన చోట లోపభావన ఉన్నట్లే. తిట్టును ఉపాధ్యాయుడు ఖండించగలడు. మెప్పులో దాగిన తీర్పు ఖండనకు దొరకదు.

కోయ పిల్లలకు ఈ మాటలు ఇంటిమాటలు కావు. కోయ, గోండికి దగ్గరి ద్రావిడ భాష. 2005 తరువాత సల్వాజుడుం కల్లోలం వల్ల ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి అడవి అంచున స్థిరపడిన గుత్తికోయ కుటుంబాల పిల్లలకు తెలుగు మరింత దూరం. వీరు అక్షరాలతోపాటు రంగుమాటల విలువలను కూడా బడిలోనే అందుకుంటారు. ‘నలుపు’, ‘అడవి’ జంటపదాలుగా వినిపించే చోట రంగు జాతికి గుర్తు అవుతుంది. నిజానికి ఎండలో పనిచేసే మైదానపు కూలీ మేనిఛాయకూ కోయ రైతు మేనిఛాయకూ స్పష్టమైన హద్దు గీయలేము. ఇక్కడ తేడాను కన్ను చూడడం లేదు, మాట చూపిస్తున్నది. అందువల్ల రెండు రంగుల బొమ్మలతో దానిని కొలవలేము.

బోధనోపకరణాలదీ ఇదే తీరు. లేత గులాబీ క్రేయాన్‌ను ‘స్కిన్ కలర్’ అనడం పిల్లలకు అలవాటు. క్రేయోలా సంస్థ ‘ఫ్లెష్’ అనే పేరును 1962లోనే ‘పీచ్’గా మార్చింది, ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. పేరు మారినంత మాత్రాన విలువ మారదు. భద్రాద్రిలో కొలువైనవాడు నీలమేఘశ్యాముడు. కాని క్యాలెండరు బొమ్మలలో ఆ శ్యామలత్వం మనిషి మేనికి లేని లేతనీలంగా మారింది. దేవుని నలుపుకు దక్కిన గౌరవం పక్కబల్ల మీది పిల్లవాడి నలుపుకు అందలేదు.

పిల్లలను ఒకేచోట కలిపి కూర్చోబెట్టడమే పరిష్కారమనే వాదం చాలదు. క్లార్క్ దంపతుల ఫలితాలలో తెల్లబొమ్మతో ఆడుకోవాలన్న మొగ్గు, వేరు బడులున్న దక్షిణాదిలో కన్న, కలిసి చదివే ఉత్తరాది పిల్లలలోనే ఎక్కువ. గిరిజన బాలలను విడిగా ఉంచే ఆశ్రమ పాఠశాలలూ తెలుగు రంగుమాటలకు అతీతం కావు. 2004లో ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది భాషలలో చేపట్టిన మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య ఒక దారిని చూపింది. రంగును గురించి పిల్లవాడిని ముందు కోయలో అడగాలి, ఆ తరువాతే తెలుగులో అడగాలి. ఆ రెండు జవాబుల మధ్య తేడాయే బడి నేర్పిన పాఠం. పరిశోధన కొలవవలసింది ఆ తేడానే.