ముసలమ్మ మంచం, బొంబాయి బస్సు

లేని లోకానికి ఆకాశం అల్లడం నాకు ఇష్టమైన పని. పిల్లల కోసం జానపద నవల మొదలుపెట్టినప్పుడల్లా కోట, నది, రాక్షసుడి గుహ కంటే ముందు ఆ రాజ్యం మీద పొడిచే చుక్కలకు పేర్లు రాసుకుంటాను. రాజుకు పేరు పెట్టడం తేలిక. చందమామ చదివి పెరిగినవాళ్ల నోట్లో అలాంటి పేర్లు వంద ఉంటాయి. చుక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ రాజ్యంలో రాత్రిపూట మేలుకుని ఉండేదెవరు?

మా కల్వకుర్తి పల్లెల్లో అడిగితే జవాబు వెంటనే దొరికేది. మందకాడ పడుకునే గొల్లాయన, చేను కావలివాడు, కోడి కూయకముందే బండి కట్టేవాడు, ఎండాకాలం వాకిట్లో నిద్రపట్టక దొర్లే అవ్వ. మా అవ్వకు సప్తర్షుల పేర్లు రావు. ఉత్తరాన ఉన్న నాలుగు చుక్కలు ఆమెకు ముసలమ్మ మంచం కోళ్లు. వెనకాల వంకరగా నడిచే మూడు, ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. మధ్య భారతంలోని గోండులు కూడా వాటిని మంచమనీ, దొంగలనీ అంటారు. ఆ ఏడు చుక్కలు రాత్రి తొమ్మిది, పది గంటలకు ఉత్తరాన బాగా పైకెక్కి కనబడేది ఏప్రిల్, మే నెలల్లో. ఊరు ఊరంతా మంచాలు బయట వేసుకునే రోజులవి. మంచం మీద పడుకున్నవాళ్లకు పైన మంచం కనబడటంలో వింతేముంది?

దసరా నాటికి ఆ మంచం సాయంత్రపు ఆకాశంలో ఉండదు. కల్వకుర్తి ఇంచుమించు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువుడు ఇక్కడ నేలకు అంతే ఎత్తులో ఉంటాడు. అంత కిందనున్న ధ్రువుడి చుట్టూ తిరిగే సప్తర్షులు కొంతసేపు నేల కిందికి దిగక తప్పదు. ఇంగ్లండులో వాళ్లు అస్తమించరు. అక్కడి నవలలు చదివి, దక్కను లాంటి దేశంలో నడిచే కథలో కూడా ‘ఎన్నడూ అస్తమించని ఏడు తారలు’ అని రాసేస్తున్నారు మనవాళ్లు. మాయలున్న కథైనా సరే, అక్షాంశానికి లోబడాలంటాను.

మన పాత పాలమూరు జిల్లాలోనే, ఇప్పటి నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున ముడుమాల్ ఉంది. మూడు వేల ఏళ్లు దాటిన నిలువురాళ్లు, మనిషికి రెండింతల ఎత్తువి, అక్కడ పదుల కొద్దీ నిలబడి ఉన్నాయి. వాటి దగ్గరే ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలాన్ని చూపించారు. దక్షిణాసియాలో తారామండలాన్ని చెక్కిన తొలి ఆనవాళ్లలో ఇదొకటని పరిశోధకులు చెబుతారు. ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. చెక్కినవాళ్లు ఆ ఏడింటిని ఏమని పిలిచారో రాతిలో లేదు. గుంటలు నిలిచాయి, కథ పోయింది. తర్వాత వచ్చిన జనం ఆ రాళ్లనే నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతున్నారు.

నా పనికి అక్కడినుంచే సూత్రం దొరికింది. చుక్కల అమరిక ఒకటే, పేరు పెట్టే నోళ్లు అనేకం. కాబట్టి ఒక మండలానికి ఒకే పేరున్న ఆకాశాన్ని నేను నమ్మను. అది ఒక్కడే గదిలో కూర్చుని అల్లినదని ఇట్టే తెలిసిపోతుంది. కృత్తికలు పల్లెలో పిల్లలకోడి. మృగశిర పక్కన వరుసగా ఉన్న మూడు చుక్కలు ఐతరేయ బ్రాహ్మణంలో, జింక రూపమెత్తిన ప్రజాపతిని కొట్టిన బాణం. మన పల్లెల్లో అవే గొల్లకావడి: నడుమ గొల్ల, అటూ ఇటూ కుండలు. యజ్ఞం చేసేవాడికి బాణం కనబడితే, పాలు మోసేవాడికి కావడి కనబడింది. కల్పిత పురాణాల్లో ఈ కిటుకు బాగా తెలిసినవాడు టోల్కీన్. ఆయన లోకంలో ఎల్ఫులు ఈ సప్తర్షుల్నే ‘వాలకిర్కా’ అంటారు, అది చీకటి రాజుకు హెచ్చరికగా దేవత నిలిపిన కొడవలి. హాబిట్‌లకు వట్టి కొడవలి.

పేరు పెట్టేవాడికి అక్కర ఉండాలి, లేదా కనీసం కోపమైనా ఉండాలి. 1751-52లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి దక్షిణాకాశాన్ని కొలిచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లకాయ్ పద్నాలుగు కొత్త మండలాలు కల్పించాడు. గాలిపంపు, కొలిమి, గడియారం, సూక్ష్మదర్శిని! అన్నీ నేటి 88 మండలాల జాబితాలో భద్రంగా ఉన్నాయి, ఒక్కదానికీ కథ లేదు. మన విశ్వామిత్రుడిది కోపం బాపతు. త్రిశంకును స్వర్గం నుంచి తోసేస్తే దక్షిణాన వేరే సప్తర్షులనూ వేరే నక్షత్రాలనూ సృష్టించడం మొదలుపెట్టాడు. కల్పిత ఆకాశాలు అల్లే మా అందరికీ మూలపురుషుడు ఆయనే.

అక్కర సంగతికొస్తే రైతు కార్తెలే సాక్ష్యం. రోహిణి కార్తెలో రోహిణి కనబడదు. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు కనుక పగటి వెలుగులో కలిసిపోతుంది. మిర్గమూ అంతే. కళ్లకు ఆనని చుక్కను నమ్మి దుక్కులు దున్నిన జనం మనది. ఏ కల్పిత పురాణంలోనూ ఇంత చిత్రమైన ఏర్పాటు చూడలేదు నేను.

ఆ మధ్య ఒక బడిలో పిల్లల చేత కొత్త ఆకాశం అల్లించాను. మొదట అందరూ సింహం, డ్రాగన్, ఖడ్గం అన్నారు, టీవీలో చూసినవి. మీ ఇంట్లో రాత్రి ఎవరు మేలుకుంటారో చెప్పండన్నాక ‘బోరు బండి’ వచ్చింది, ‘మూడు గంటల కరెంటు’ వచ్చింది. ఒక పిల్ల కృత్తికల గుంపుకి ‘బొంబాయి బస్సు’ అని పేరు పెట్టింది. దీపావళి దాటాక సాయంత్రం తూర్పున అది ఎక్కుతుంది. వాళ్ల తాత కాలంలో పనులు వెతుక్కుంటూ పాలమూరు జనం ఊళ్లు వదిలే రోజులవేనట. చిన్న చుక్కలు ఒకదానినొకటి ఆనుకుని ఇరుక్కున్నట్టు ఉంటాయి కదా సార్ అంది. అంతకంటే మంచి పేరు నేను పెట్టలేను. నా తర్వాతి నవలలో వాడుకుంటానని అడిగి ఒప్పించుకున్నాను.

మే రెండో వారంలో రాత్రి తొమ్మిదికి మేడెక్కి దక్షిణం వైపు చూడండి. ఊరి దీపాలు అడ్డు లేకపోతే, నేలకు బెత్తెడు ఎత్తున నాలుగు చుక్కల శిలువ కనబడుతుంది, అదే త్రిశంకు. పక్కన అవ్వో తాతో ఉంటే మిగతా చుక్కల్ని వాళ్లేమని పిలిచేవారో అడిగి, ఏ నెలలో ఏ పనికి చూసేవారో కూడా కలిపి రాసి ఈ కాలమ్‌కు పంపండి. మీ ఊరి పేరు మరవకండి.