థర్మామీటరు చేతులు మారిన దారి

'యంత్రానికి కులం లేదు' అన్న మాట ఈ మధ్య సెమినార్లలో తరచుగా వినబడుతోంది. ఆధునిక వైద్యంలో టెక్నాలజీ పాత్ర గురించి మాట్లాడే ప్రగతిశీల మేధావులు కూడా దీన్నే పట్టుకున్నారు. స్కానింగ్ మిషను బ్రాహ్మణ్నీ మాదిగనీ ఒకే తీరుగా చూస్తుందట. రోగి ముఖం చూడని కంప్యూటరు రోగి కులం కూడా చూడదట. రైళ్ళొస్తే కులవృత్తుల పునాది కదిలిపోతుందని 1853లో మార్క్స్ కూడా ఆశపడ్డాడు. రైళ్ళొచ్చినయి. కులం కూడా టికెట్టు కొనుక్కుని ఎక్కి కూర్చుంది. ఆ అనుభవం వున్నవాళ్ళం కాబట్టి ఈ కొత్త వాదనని కొంచెం నిదానంగా పరిశీలించాలనుకుంటున్నాం.

మేము ఈ మాటలు రాస్తున్నది గోపన్‌పల్లి నుంచి. ఒక పక్క సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకో పక్క ఐ.టి. కంపెనీల అద్దాల మేడలు. పొద్దున్నే ఆటోలెక్కి కార్పొరేట్ ఆస్పత్రులకు హౌస్ కీపింగ్ పనికి పోయే ఆడవాళ్ళలో మా ఇళ్ళవాళ్ళూ వున్నారు. నేల తుడిచేది, రక్తం గుడ్డలు మూటగట్టేది వాళ్ళు. స్కానింగ్ గదిని రోజూ ఊడ్చే మనిషి ఆ మిషను మీద ఒక్కసారి పడుకోవాలంటే అప్పు చేయాల్సిందే.

యంత్రానికి కులం లేదనేవాళ్ళు చదవాల్సిన ఉదంతం ఒకటి డాక్టర్ అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో వుంది. కథియవార్‌లోని ఒక దళిత బడిపంతులు రాసిన ఉత్తరం అది. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. పంతులు భార్య ప్రసవించిన రెండు రోజులకు జబ్బు పడింది. ఊపిరాడటం లేదు. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషుల్ని బతిమాలి, రెండు రూపాయల ఫీజుకి వాళ్ళను పూచీ పెట్టి, వాడ బయట చూసే షరతు మీద ఒప్పించారు. పసిబిడ్డతో సహా బాలింతని వాడ దాటించి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే దారిన వెనక్కి. రాత్రి ఎనిమిది వేళ, దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు డాక్టరు. మందు పంపాడు. ఆ తర్వాత మళ్ళీ చూడటానికి రాలేదు. ఆమె చనిపోయింది.

ఇందులో థర్మామీటరు తప్పేమన్నా వుందా? లేదు. ఆ గాజు గొట్టం లేకపోతే డాక్టరు చెయ్యి పట్టి చూడాల్సి వచ్చేది, లేకపోతే అంటరానిదాన్ని చూడనని పచ్చిగా ఒప్పుకోవాల్సి వచ్చేది. పరికరం వుంది గనక ముట్టకుండానే వైద్యం జరిగిపోయినట్టయింది. ఫీజు కూడా ముట్టింది. అంటరానితనాన్ని ఆ పరికరం పుట్టించలేదు. దాన్ని సులువు చేసింది. ఇవాళ 'టచ్‌లెస్' వైద్యం, తెర మీద డాక్టరు అంటూ పండగ చేసుకునేవాళ్ళు ఈ దేశంలో ముట్టకపోవడానికి ఒక చరిత్ర వుందని మరిచిపోతున్నారు. 1816లో పారిస్‌లో లెనెక్ స్టెతస్కోపు కనిపెట్టింది కూడా ఒక యువతి గుండెకు చెవి ఆనించడానికి బిడియపడే. అక్కడది బిడియం. ఇక్కడ మైల.

మన భాషలో మంచి డాక్టరుకి 'హస్తవాసి' వుందంటాం. జబ్బు నయం చేసేది చెయ్యి అని భాషకి తెలుసు. ఆ చెయ్యి ఎవరిదాకా చాచారన్నది సాహిత్యంలోకి రాలేదు. చాలా ఊళ్ళలో మంత్రసాని పని మంగలి, మాల, మాదిగ ఆడవాళ్ళదే. దొరసాని బిడ్డని లోకంలోకి తెచ్చిన చేతులు, పురుడు తీరంగనే మళ్ళీ అంటరానివయ్యేవి. ఆ విద్యకి ఆధునిక వైద్యం ఒక పేరు కూడా పెట్టలేదు, మురికి అన్నది తప్ప. ఇళ్ళల్లో కాన్పులు ఆగి తల్లులు బతుకుతున్నారు, సంతోషమే. మా అమ్మమ్మల కాలం బంగారమని మేము అనడం లేదు. కాని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో 60.7 కత్తి కాన్పులే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5. ఇదంతా అవసరానికి జరిగిందని ఏ డాక్టరు మన కళ్ళల్లోకి చూసి చెప్పగలడు?

యంత్రం చూపు అందరికీ ఒకటేనన్న మాటకి ఇంకో సాక్ష్యం వుంది. కరోనా కాలంలో అందరి వేళ్ళకీ పెట్టిన పల్స్ ఆక్సీమీటరు. అది వెలుతురుని చర్మంలోంచి పంపి ఆక్సిజన్ లెక్కగడుతుంది. 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా మీటరు బాగానే వుందని చూపించడం తెల్లవాళ్ళలో కంటే నల్లవాళ్ళలో సుమారు మూడు రెట్లు ఎక్కువని తేల్చింది. మరుసటి ఏడాది మన దగ్గర 94 అంకె చూసుకుని ఇంట్లో వుండాలా, ఆస్పత్రికి పోవాలా అని జనం తేల్చుకున్నారు. ఎండలో నల్లబడ్డ కూలీల వేళ్ళ మీద ఆ అంకె ఎంత నిజం చెప్పిందని ఎవరు అడిగారు? అదే 2021 మే నెలలో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి టీకా కావాలంటే కొవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. ఫోను లేనోళ్ళ సంగతేమిటని సుప్రీంకోర్టు అడగాల్సి వచ్చింది.

అన్నిటికంటే మమ్మల్ని వెంటాడేది ఖమ్మం. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. పిల్లల్లో ఆదివాసులు, దళితులు, పేదలు చాలామంది. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. మన రాష్ట్రంలో ఐదుగురు పిల్లలు చనిపోయారు. మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం మొత్తం వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

మేము చదువుకున్నది అలాంటి హాస్టళ్ళలోనే. వార్డెను సంతకమే నాయిన సంతకంగా చెల్లిన రోజులు మాకు తెలుసు. టీకా చెడ్డదని మేము అనడం లేదు. ఆ క్యాన్సర్‌తో చచ్చిపోయేది ఎక్కువగా మా ఆడవాళ్ళే, టీకా అందరికన్నా ముందు కావాల్సిందీ వాళ్ళకే. మరి పెద్దింటి పిల్లకైతే తల్లిని కూర్చోబెట్టి చెప్పే నాలుగు మాటలు, కోయ పిల్ల తల్లికి ఎందుకు చెప్పలేదు? ఆ తల్లికి అర్థం కాదనుకున్నారా, అడిగితే వద్దంటుందనుకున్నారా? సైన్సు వ్యతిరేకులని మమ్మల్ని తిట్టే మిత్రులు ముందు దీనికి జవాబు చెప్పాలి. ఇవాళ ఆరోగ్య రికార్డులన్నీ డిజిటల్ నంబరు కిందికి చేర్చుతున్నారు. 2021 నుంచి దేశమంతా ఆ పని నడుస్తోంది. అందులో 'ఒప్పుకుంటున్నాను' అన్న గడి నొక్కేది ఎవరి వేలు?

వేలంటే గుర్తొచ్చింది. మాలో ఒకరి తల్లి ఆయాసమొచ్చి ఒక పెద్దాస్పత్రికి పోయింది. కౌంటరులో వేలిముద్ర పడలేదు. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు.

"ఏళ్ళేందమ్మా గిట్ల అరిగినయ్?" అన్నడు కౌంటరు పిలగాడు.

"ముప్పయేండ్లాయె బిడ్డా బాసన్లు తోమవట్టి," అన్నదామె.

వెనక లైనులో ఎవరో నవ్విన్రు. ఆ రోజు చూపించుకోకుండానే తిరిగొచ్చిన్రు. మిషను కులం అడగలేదు, నిజమే. ముప్పయేండ్లు బాసన్లు తోమని వేళ్ళను మాత్రం అడిగింది.

తర్వాత ఆమెను బస్తీ దవాఖానాకి తీసుకుపోయారు. అక్కడ తీసిన నెత్తురు నగరంలోని పెద్ద ల్యాబుకి పోతుంది, రూపాయి ఖర్చు లేకుండా రిపోర్టు ఫోనుకొస్తుంది. 2018లో మొదలైన ఈ ఏర్పాటు టెక్నాలజీయే. మాకు కావాల్సిన టెక్నాలజీ ఇది, ఇట్లాంటివి వాడవాడకీ కావాలని అడుగుతున్నాం. నెత్తురు తీసిన నర్సు మా వాడల్లాంటి వాడ నుంచే వచ్చిన అమ్మాయి. నరం దొరక్క చాలాసేపు వెతికింది. సాయంత్రం ఇంటికొచ్చినాక షుగరెంతని అడిగితే అమ్మకు గుర్తులేదు. "ఆ పోరి నా చెయ్యి వట్టుకోని మంచిగ సూసింది," అని మాత్రం రెండుసార్లు చెప్పింది.