కట్టు యాడ మొదలైందో చూడండి

నెల్లూరు వైపు ఒక పల్లెలో, వడ్లబస్తాల వెనక దొరికిన కుబుసాన్ని ఒక యానాది తాత అరచేతి మీద పరిచిన తీరు నేను ఎప్పటికీ మరిచిపోను. ఇంటివాళ్లు అప్పటికే కట్లపాము అని బెదిరిపోయి పిల్లల్ని పక్కింటికి పంపేశారు. కుబుసంలో రంగు నిలవదు. విప్పిపారేసిన మేజోడులాగా లోపలిది బయటికి తిరిగి ఉంటుంది. తాత దాన్ని ఎండకు పట్టి, వెన్ను వెంబడి గోటిని నిదానంగా జరిపాడు. కట్లపాముకి వెన్ను మీది నడిమి వరస పొలుసులు ఆరు మూలలతో, పక్క వరసల కంటే పెద్దవిగా ఉంటాయి. ఇందులో అన్నీ ఒకటే తీరు. తర్వాత తోక అడుగు చూశాడు. కట్లపాముకి అక్కడ అడ్డంగా నిండు పొలుసు ఒకటే ఉంటుంది. ఇక్కడ మధ్యకు రెండుగా చీలి ఉంది.

"ఇది బల్లుల్ని తినేది సామీ, పిల్లల్ని పిలిపించండి" అన్నాడు. బీడీ ఆరిపోయే లోపు తేల్చేశాడు. ఏమి చూపు! ఏమి చెయ్యి!

ఆ బల్లులు తినేదాన్నే ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటారు. దానికి విషం లేదు. గోడలెక్కి ఇళ్లలోకి వస్తుంది, ఒంటి మీద కట్లు ఉంటాయి కాబట్టి కట్లపామని పొరబడ్డ జనం చేతిలో చచ్చిపోతుంది. "రంగు చూడబాకండి, మోసం చేస్తాది. కట్టు యాడ మొదలైందో చూడండి" అంటాడు తాత. వుల్ఫ్ స్నేక్‌కి మెడ దగ్గరే కట్టు కొట్టొచ్చినట్టు కనిపించి తోక వైపు పోయే కొద్దీ మాసిపోతుంది. కట్లపాముకి తల దాటి కొంత దూరం నున్నటి నలుపే. ఆ తర్వాత సన్నని తెల్ల కట్లు, చాలాసార్లు జంటలు జంటలుగా, తోక దాకా తేటగా ఉంటాయి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరిచేది ఇదే. నొప్పి పెద్దగా తెలియదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, ఆ తర్వాత ఊపిరే ఆడదు.

రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకునేవాళ్లని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. పింజర వీపు మీద, రెండు పక్కలా గుండ్రటి మచ్చలు గొలుసు గుచ్చినట్టు మూడు వరసల్లో నడుస్తాయి. ప్రతి మచ్చకూ నల్లటి అంచు. మనవాళ్లు దాన్ని కాటుక రేకుల పొడ అన్నారంటే ఎంత బాగా చూసి ఉండాలి! విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన ప్యాట్రిక్ రసెల్ 1796లో అచ్చువేయించిన పాముల పుస్తకంలో ఆ తెలుగు పేరే రాసుకున్నాడు. ఇప్పుడు లోకమంతా దాన్ని ఆయన పేరుతో పిలుస్తోంది. కట్లపాము జాతికి పెట్టిన బుంగారస్ అన్న పేరు కూడా మన 'బంగారు' మాటే. కొండచిలువ మచ్చలకు అంత వరస ఉండదు, తల మీద బాణపు ములుకు లాంటి గుర్తుంటుంది. పింజర అని పొరబడే శాండ్ బోవాకైతే మెడే తెలియదు, తోక పొట్టిగా ముగిసిపోతుంది. పింజర తల ముక్కోణం, మెడ సన్నం, బుస కుక్కర్ ఆవిరి వదిలినట్టు.

జెర్రిపోతు తాచుకి మగడని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. రెండూ వేరు వేరు జాతులు. పెద్ద కళ్లు, పెదవి మీద నల్లటి గీతలు కనిపిస్తే జెర్రిపోతు. దాన్ని చంపినవాడు ఎలుకలకు తన గాదె తలుపు తీసినట్టే.

ఈ విద్యలో తమిళనాడు ఇరుల తెగవాళ్ల పేరు చెప్పకుండా ఉండలేను. వడనెమ్మేలిలో 1978 నుంచి వాళ్ల సహకార సంఘం నడుస్తోంది. పాముల్ని పట్టి, విషం తీసి, కొన్ని వారాలకు మళ్లీ వదిలేస్తారు. దేశంలో తయారయ్యే విరుగుడు మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం వాళ్ల చేతుల మీదుగానే వెళుతుంది. వాళ్లలో ఇద్దరు, మాసి సడయన్, వడివేల్ గోపాల్, 2017లో ఫ్లోరిడా వెళ్లి, చూడని నేల మీద, తెలియని భాష మధ్య, రెండు వారాలు తిరక్కుండానే 13 బర్మా కొండచిలువలను వెతికి పట్టించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నా చేతిలో ఉంటే పదేళ్ల ముందే ఇచ్చేవాణ్ని.

మరి ఇప్పుడు మన ఊళ్లలో పాములవాడు ఎవరు? ఫోన్ కెమెరా ముందు తాచు పడగకు ముద్దుపెట్టే కుర్రాడు! నేను చూసిన ఒక వీడియోలో ఒకడు పింజర పిల్లను మెడలో వేసుకుని కొండచిలువ అని పాఠం చెబుతున్నాడు. కింద వేలల్లో లైకులు. తాత ఎన్నడూ అనవసరంగా పామును ముట్టుకోలేదు. నకిలీవాడు ముందు ముట్టుకుంటాడు, తర్వాత చూస్తాడు. 2000 నుంచి 2019 దాకా ఈ దేశంలో ఏడాదికి సుమారు 58,000 మంది పాముకాటుతో పోయారని అంచనా. ఇది ఆటలాడే చోటా?

కాటు పడ్డాక మాత్రం ఏ పామో తేల్చుకుంటూ కూర్చోకండి. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ కలిపి ఇచ్చే మందు ఒకటే. నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి. తాత కూడా తన మనవరాలికి కాటు పడితే మంత్రం మాట ఎత్తకుండా ఆటో పిలిపించాడు.

ఆయన మనవడు రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు. ఆ కుబుసం నా దగ్గరే ఉందని చూపిస్తే పట్టి చూడలేదు. తాతకు చూపు తగ్గింది గానీ గోటికి ఇంకా వెన్ను తెలుస్తోంది. అటవీ శాఖవారూ, వానలు పడి పాములు ఇళ్ల బాట పట్టక ముందే ఆ తాతను, ఆయనలాంటి యానాదుల్ని జీతమిచ్చి పిలవండి. మీ సిబ్బందిని వాళ్ల ముందు కూర్చోబెట్టండి.