అణువును చెక్కిన కోణం

ఆళ్లగడ్డ శిల్పశాలలో నంది విగ్రహం చెక్కుతుంటే కాసేపు నిలబడి చూడండి. గంగడోలు మడత దగ్గరికి వచ్చేసరికి ఉలి పట్టిన చెయ్యి కొంచెం వాలుతుంది. రాయి అదే, ఉలి అదే. ఆ వాలు తప్పితే మాత్రం మడత మడతలా కనిపించదు. చేతిలోని ఫోనుకు ఓఎల్ఈడీ తెర ఉంటే, దాని వెనకా ఇలాంటి పనితనమే ఉంది. కాకపోతే అక్కడ చెక్కింది అణువును.

ఈ తెరకు వెనక దీపం ఉండదు. కరెంటు తగలగానే సేంద్రియ పదార్థపు పొర తానే వెలుగుతుంది. వెంట్రుకను నిలువునా కొన్ని వందల పొరలుగా చీలిస్తే, అందులో ఒకటెంతో వెలుగిచ్చే ఈ పొరలన్నీ కలిపి అంతే. 1987లో కొడాక్‌ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చేసిన రెండు పొరల ఆకుపచ్చ దీపం దీనికి నాంది. పది వోల్టుల లోపే వెలిగింది గానీ, ఎక్కించిన విద్యుత్తులో వెలుగై బయటపడింది నూటికి ఒక వంతు.

కారణం అణువులోనే ఉంది. విద్యుదావేశాలు నాలుగుసార్లు కలిస్తే ఒకసారి సింగ్లెట్ స్థితి, మూడుసార్లు ట్రిప్లెట్ స్థితి ఏర్పడతాయి. సింగ్లెట్ వెలుగుతుంది, ట్రిప్లెట్ వేడిగా పోతుంది. కాలువకు వదిలిన నీళ్లలో పావు వంతే పొలానికి పారి, మిగతాది దారిలో ఇంకిపోయినట్టు. తర్వాత ఇరిడియం అనే అరుదైన లోహాన్ని జోడించి ఆ మూడు పాళ్లనూ వెలిగించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులకు అది కుదిరింది.

ఆ లోహం అక్కర్లేదని 2012లో జపాన్ క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహయా అడాచి బృందం చూపింది. వాళ్ల అణువును దగ్గరగా చూడాలి. మధ్యలో బెంజీన్ వలయం, దానికి ఆరు చేతులు. రెండింటికి ఎలక్ట్రాన్లను లాగే సయనో గుంపులు, నాలుగింటికి ఎలక్ట్రాన్లిచ్చే కార్బజోల్ పలకలు. నాలుగు పలకలూ బల్లపరుపుగా పడుకోవడానికి చోటు చాలదు. ఇరుకులో ఒక్కోటీ సుమారు 60 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. ఆ ఇరుకే ఇక్కడ ఉలి. పలకలు తిరగడంతో ఎలక్ట్రాన్ ఉండే చోటూ, అది చేరే చోటూ వేరుపడి, రెండు స్థితుల మధ్య గట్టు తగ్గిపోతుంది. గదిలోని మామూలు వేడికే ట్రిప్లెట్ గట్టెక్కి వెలుగు దారిలో పడుతుంది. అణువులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ మాత్రమే. బయటికొచ్చిన వెలుగు నూటికి 19 పైమాటే.

అయితే తిరిగిన పలకలు ఊగుతాయి, రంగు చెదురుతుంది. 2016లో తకుజి హతకెయామా బృందం పాఠాన్నే తిరగేసింది. ఒక బోరాన్, రెండు నైట్రోజన్లతో వలయాలను బిగించి అణువును కదలకుండా చేసింది. ఇక్కడ ఎలక్ట్రాన్ మేఘాలు పలకల వారీగా కాక, పక్కపక్క పరమాణువుల మీదే వంతులుగా విడిపోతాయి. వచ్చిన నీలం వర్ణపట వెడల్పు 28 నానోమీటర్లే. అంత కచ్చితమైన రంగు.

మిగిలింది ఆయుష్షు. నీలి కాంతికి కావలసిన శక్తి ఎక్కువ, అదే శక్తి అణువు బంధాలను తెంచుతుంది. అందుకే హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెట్టి బంధాలను గట్టిపరుస్తున్నారు. విగ్రహానికి కళ్లు చివర తెరుస్తారు. అక్కడ ఉలి జారితే అంతవరకూ చేసిందంతా వృథా. తెరకు ఆ కన్ను నీలం. చెయ్యి ఇంకా కొలుచుకుంటూనే ఉంది.