ఎఱ్ఱదారము: పెంపుడు కూతుండ్ర గృహచరిత్రలు

పరదేశమునుండి తెచ్చుకొన్న ఆడుబిడ్డలను పెంచిన తల్లిదండ్రులు తమ యింటి కథలను తామే వ్రాసికొనిన గ్రంథములు ఇంగ్లీషున నేడొక ప్రత్యేకశాఖగా నేర్పడియున్నవి. అందు మేము చదివిన కొన్నింటిని గూర్చి యిచట ముచ్చటింపదలచినాము. గృహజీవనమును గూర్చిన వ్రాతలయందు మన చదువరులకు సహజముగా ఆసక్తి గలదు. అదిగాక వీనిలో నొకదాని కథ మన తెలుగుగడ్డమీదనే మొదలైనది. దానిని కడపట చెప్పెదము.

1992 మొదలు 2024 వఱకు చైనాదేశమునుండి లక్షయఱువదివేలకు పైగా బిడ్డలు అన్యదేశీయుల యిండ్లకు దత్తు పోయిరి. అందు ఇంచుమించు సగముమంది అమెరికా చేరిరి. వారిలో ఆడుబిడ్డలే మిక్కిలి యధికము. 2024 సెప్టెంబరులో చైనాప్రభుత్వము, దగ్గఱ బంధువుల విషయమున దప్ప, ఈ ద్వారమును మూసివేసినది. కొడుకు లేనివాడు పున్నామనరకమునకు పోవునని నమ్మి మగబిడ్డనే దత్తు చేసికొనుచు వచ్చిన దేశము మనది. హిందువులు కూతును దత్తు చేసికొనుటకు స్పష్టమైన చట్టము మనకు 1956లో గాని రాలేదు. అట్టి మనకు, పిండము కొఱకు గాక, ఆస్తి కొఱకు గాక, కేవలము పెంచుకొనుటకై సముద్రము దాటిపోయి యొక యాడుపిల్లను ఎత్తుకొని వచ్చిన దంపతుల వృత్తాంతము చదువుటకే ముచ్చట గొలుపును. ఆ ముచ్చటతోనే మేమీ గ్రంథములను చేతబట్టితిమి. క్రింద వ్రాయు మాటలలో కొంత కఠినత కనబడినను చదువరులు ఈ సంగతిని మఱువకుందురు గాక.

మొదట కేరిన్ ఎవాన్స్ వ్రాసిన "ది లాస్ట్ డాటర్స్ ఆఫ్ చైనా". 2000 సంవత్సరమున వెలువడినది. ఈమె పత్రికారచయిత్రి. 1997లో దక్షిణ చైనాలోని యొక అనాథాశ్రమమునుండి ఆడుశిశువును తెచ్చుకొన్నది. తన బిడ్డ కథతోపాటు ఆ దేశపు జననియంత్రణ విధానమును, కొడుకు కొఱకు ఆరాటపడు పల్లెకుటుంబముల స్థితిని, పేరు తెలియని ఆ కన్నతల్లిని గూర్చిన ఆలోచనలను కలిపి చెప్పినది. విషయసేకరణమున శ్రద్ధ గలదు, హృదయము గలదు. ఆమెలోని పత్రికారచయిత్రి అడిగిన ప్రశ్నలు పదునైనవి. అయితే వానికి జవాబు దొఱకని చోటులందు ఆమెలోని తల్లి ముందునకు వచ్చి, ఈ బిడ్డ తనకే వ్రాసిపెట్టియున్నదను ఊఱటను ఆశ్రయించును. ఈ ఊఱటకు ఆ కుటుంబములలో ఒక పేరు గలదు: ఎఱ్ఱదారము.

చైనావారి పూర్వగాథ యొకటి యిట్లున్నది. వెన్నెలలో కూర్చుండు వృద్ధుడొకడు దంపతులు కావలసిన వారి పాదములకు కంటికి కనబడని యెఱ్ఱదారమును ముడివేయునట. వారెంత దూరమున బుట్టినను ఆ దారము తెగదు. మన బ్రహ్మముడి వంటిది. ఇది ఆలుమగల కథయే గాని తల్లిబిడ్డల కథ కాదు. అమెరికాలోని పెంపుడు తల్లిదండ్రులు దీనిని తమ కథగా మార్చుకొనిరి. గ్రేస్ లిన్ అను చిత్రకారిణి 2007లో దీనినే పిల్లల బొమ్మలపుస్తకముగా కూర్చినది. ఒక రాజునకును రాణికిని గుండెలో తీరని నొప్పి. ఒక సంచారవర్తకుని కండ్లద్దములు పెట్టుకొని చూడగా తమ హృదయములనుండి యెఱ్ఱదారము సాగిపోవుచున్నట్లు వారికి కనబడును. దానివెంట నడచి నడచి, దూరదేశమున దాని రెండవ కొన నొక శిశువును కనుగొందురు. బొమ్మలు చూడముచ్చటగా నున్నవి. పిల్ల నిద్రపోవుటకు ముందు ఒడిలో బెట్టుకొని చదువదగిన కథ. కాని కథయొక్క భారమంతయు రాజదంపతుల గుండెనొప్పియందే నిలిచినది. నొప్పి వారిది, మందు ఆ బిడ్డ. ఆ బిడ్డను గోల్పోయిన గుండె యెవరిదో, ఆ నొప్పికి మందేమో అడుగుటకు ఈ కథలో తావు లేదు.

ఇందుకు తోడుగా నొక బొమ్మను గూర్చి చెప్పవలెను. కాంటన్ నగరమున, అనగా గ్వాంగ్జౌలో, వైట్ స్వాన్ అను పెద్ద హోటలు గలదు. బిడ్డలకు అమెరికా ప్రవేశపత్రములు వచ్చువఱకు పెంపుడు తల్లిదండ్రులు చాలమంది అందే విడిది చేసెడివారు. అచట వారికి బహుమానముగా నొక బార్బీ బొమ్మ నిచ్చెడివారు. పసిడిజుట్టు గల బార్బీ, చేతులలో చైనా శిశువు. "ఇంటికి పోవుచున్న బార్బీ" అని దానికి పేరు. బిడ్డ పోవుచున్నది ఇంటికా, ఇంటినుండియా అను ప్రశ్న ఆ పెట్టెమీద నుండదు గదా!

ఎఱ్ఱదారమును చూచి మనము నవ్వుటకు వీలు లేదు. మనకు ఋణానుబంధమను మాట గలదు. పెంపుడు బిడ్డను గూర్చి మన ముత్తైదువలు చెప్పునదియు నిదియే: "ఏ జన్మలో ఋణపడి యున్నదో, ఈ యింట చేరినది." ప్రేమతో బలికిన మాటయే, కాదనము. కాని తలవ్రాత యను మాట ఈ దేశమున నేమేమి పనులు చేసినదో మన సంస్కర్తలు చక్కగా నెఱుగుదురు. పసిపిల్ల విధవ యైనప్పుడు అది ఆమె తలవ్రాత యనిరి. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు ఆయన యెదిరించినది ఆ మాటనే. మనుష్యులు చేసినదానిని విధి చేసినట్లు చెప్పుకొనునంతకాలము చేసిన మనుష్యుని అడుగువాడుండడు.

చైనా విషయమున చేసినవారెవరు? దీనికి సమాధానము కే ఆన్ జాన్సన్ గ్రంథమున గలదు. ఈమెయు పెంపుడు తల్లియే. 1991లో వూహాన్ నగరమునుండి కూతును తెచ్చుకొని, చైనా రాజకీయముల ఆచార్యురాలిగా నుండి, పల్లెలలో ఏండ్లతరబడి విచారణ చేసి, 2016లో "చైనాస్ హిడెన్ చిల్డ్రెన్" అను పుస్తకము ప్రకటించినది. చైనీయులకు ఆడుపిల్లలు అక్కఱలేదను సామాన్యాభిప్రాయమును ఈమె నిలువున ఖండించినది. పల్లెవారు కొడుకును కోరిరి, నిజమే. కూతును గూడ కోరిరి. అనేకుల కది "కొడుకొకడు, కూతురొకతె" యను కోరిక. మొదటి బిడ్డ యాడుదైనచో రెండవ కానుపునకు చాలచోట్ల అనుమతి యుండెను. ఆ రెండవదియు ఆడుదైనచో ఇక కొడుకు ఆశ లేదు. కావున దాచబడినవారు, బంధువుల యింట వదలబడినవారు, ఇరుగుపొరుగు గడపలముందు ఉంచబడినవారు తఱచుగా ఆ రెండవ కూతుండ్రు. అట్టివారిని పెంచుకొనుటకు సిద్ధముగా నున్న చైనా కుటుంబములు వేలకొలది. కాని 1991 చివర చేసిన దత్తత చట్టము, దత్తు తీసికొనువారికి సంతానమే యుండరాదని, ముప్పదియైదేండ్లు నిండియుండవలెనని కట్టడి చేసినది. పొరుగింట పెరుగవలసిన బిడ్డ అనాథాశ్రమమునకు చేరినది, అచటినుండి విమానమెక్కినది. అనాథాశ్రమమునకు విదేశీయులు ఇంచుమించు మూడువేల డాలర్లు విరాళముగా నీయవలసి యుండెను. 2005లో హూనాన్ రాష్ట్రమున కొన్ని అనాథాశ్రమములు శిశువులను కొనుగోలు చేసిన సంగతి బయటపడి, మఱుసటియేట శిక్షలు పడినవి. అదే రాష్ట్రమున కుటుంబనియంత్రణాధికారులు జరిమానా చెల్లింపలేనివారి బిడ్డలను ఎత్తుకొనిపోయిన వృత్తాంతము 2011లో అచటి పత్రికలయందే వచ్చినది. ఎఱ్ఱదారమునకు ముడి వేసిన వృద్ధుడు వెన్నెలలో కూర్చున్నవాడు కాడు. అతడు కచేరీలో కూర్చున్నవాడు.

అయిదేండ్ల పిల్లకు ఈ చట్టములన్నియు చెప్పుట యెట్లు, కథ వలదా యని మా యింటిలోనే యొకరు ప్రశ్నించిరి. కథ కావలెను. రోజ్ లూయిస్ వ్రాసిన బొమ్మలపుస్తకము, "ఐ లవ్ యూ లైక్ క్రేజీ కేక్స్", ఎఱ్ఱదారము కంటె చిన్నది, ముద్దుముద్దుగా నున్నది, కొంత అతిగా గూడ నున్నది. అయినను అందు పెంపుడు తల్లి బిడ్డను హత్తుకొని, ఆ బిడ్డను కన్న చైనా తల్లి కొఱకు కన్నీరు విడుచును. ఆ యొక్క పుటచేత నది నిలిచినది. ఇంటిలో మఱొక స్త్రీకి పీట వేసినట్లైనది.

ఇక ఎమిలీ ప్రేగర్ వ్రాసిన "వూహు డైరీ" (2001). వీనిలో గృహజీవనమును ఇంత దగ్గఱగా చూపినది మఱొకటి మాకు కనబడలేదు. ప్రేగర్ ఒంటరిగా బిడ్డను పెంచుకొన్న రచయిత్రి. ఏడునెలల శిశువుగా తెచ్చుకొన్న కూతును, దాదాపు అయిదేండ్లు వచ్చినపిమ్మట, 1999లో, యాంగ్‌ట్సీ నదియొడ్డున నున్న వూహు పట్టణమునకు, అనగా ఆ పిల్ల పుట్టినయూరికి, రెండుమాసములు తీసికొనిపోయినది. చుట్టపుచూపుగా గాదు, ఆ యూరి శిశుపాఠశాలకు పంపుచు, అచట సంసారము చేయవలెనని. వారు వెళ్లిన కొలదిదినములకే, ఆ మే నెలలో, అమెరికావారి బాంబులు బెల్‌గ్రేడ్ నగరమున చైనా రాయబారి కార్యాలయముపై బడినవి. ఊరంతయు అమెరికా మీద మండిపడుచుండగా అమెరికా తల్లియు చైనా మొగము గల కూతురును వీధిలో నడువవలసి వచ్చినది.

గ్రంథకర్త్రి దీనిని పెద్ద కథగా పెంచి యుండవచ్చును. పెంచలేదు. దినచర్యకు గల సుగుణమిది: ఏ దినము సంగతి ఆ దినముతో సరి. పిల్ల అన్నము తిన్నదా, నిద్రపోయినదా, బడిలో నెవరితో జట్టు కట్టినది, ఎందులకు అలిగినది, ఎప్పుడు తల్లి చేయి వదలినది, ఎప్పుడు వచ్చి కొంగు పట్టుకొన్నది. పరదేశపు బిడ్డను పెంచు యింట బరువైన ప్రశ్నలు పండుగదినములందు రావు. తల దువ్వునప్పుడు వచ్చును. స్నానము చేయించునప్పుడు, "నేను నీ కడుపులో ఉంటినా?" అని వచ్చును. అంగడిలో ఎవరో యొకరు పిల్ల వినుచుండగానే, "ఈమె అసలు తల్లి యెవరు? ఎంత ఖర్చైనది?" అని యడిగినప్పుడు తల్లి యేమి చెప్పునో బిడ్డ వినును, ఆ రాత్రి తిరిగి అడుగును. ఇట్టి తావులను ప్రేగర్ ఎఱుగును. ఆమె దోషమొక్కటే: బిడ్డ చేసిన ప్రతి పనియందును పూర్వస్మృతియొక్క జాడ వెదకుట. అయిదేండ్ల పిల్ల అలుగుటకు పుట్టినయూరే కారణము కానక్కఱలేదు, ఎండ చాలును. అయినను తల్లి కోరిక వేఱు, బిడ్డ కోరిక వేఱు అని ఆమె దాచక వ్రాసినది. ఇది చిన్న విషయము కాదు.

ఈ సందర్భమున ఒక ఆచారమును గూర్చి. ఆ కుటుంబములలో బిడ్డను చేతికిచ్చిన దినమును ఏటేట పండుగగా జరుపుకొనుట గలదు. "గాచా డే" యందురు. చేజిక్కిన దినమని చెప్పవచ్చును. ఆనాటి ఛాయాపటములలో పెద్దలందఱు నవ్వుచుందురు, శిశువు మాత్రము గుక్కపట్టి యేడ్చుచుండును. అంతవఱకు తన్ను ఎత్తుకొన్న ఆయా చేతినుండి ఆ శిశువును విడదీసిన దినమది. పెరిగిన కూతుండ్రలో కొందఱు ఈ పండుగను వలదనుచున్నారు. వారి పక్షమే మా పక్షము.

కడపట చెప్పెదమన్నది డేవిడ్ స్మోలిన్ వ్యాసము. 2005లో నొక న్యాయశాస్త్రపత్రికయందు వచ్చినది. స్మోలిన్ అలబామా రాష్ట్రమున న్యాయశాస్త్రాచార్యుడు. అతడును భార్యయు 1998లో ఆంధ్రప్రదేశ్‌నుండి ఇద్దఱు అక్కచెల్లెండ్రను దత్తు తీసికొనిరి. వీరు చేతిబిడ్డలు కారు. తల్లిని, ఊరిని ఎఱిగిన వయస్సువారు. ఏడునెలల శిశువు చెప్పలేనిదానిని వీరు వచ్చిన కొలదివారములకే చెప్పిరి: తమ్మును తల్లి విడువలేదని. చదువు చెప్పింతురని నమ్మి ఆ తల్లి పిల్లలను ఒక వసతిగృహమున దింపినది. కాగితములలో వారు దత్తతకు ఈయబడినవారైరి. నిజమేమో తేలుటకును, ఆ తల్లి జాడ తెలియుటకును ఏండ్లు పట్టినవి. ఆ కాలముననే, 1999లోను 2001లోను, మన తెలంగాణపు లంబాడీ తండాలనుండి ఆడుశిశువులను స్వల్పమూల్యమునకు కొని దత్తత పేర విదేశములకు పంపిన వ్యవహారములు బయటపడి కేసులు నడచినవి. ఆనాడు వార్తాపత్రికలలో చదివి మఱచిపోయినవారము మనము. అదే కథను అవతలి యొడ్డున, పిల్లలు భోజనమునకు కూర్చున్న యింటిలోనుండి చూచి వ్రాసినవాడు స్మోలిన్.

అతని శైలి ఎండుకట్టె వంటిది. చట్టములు, వాదములు, ఆధారములు. పుణ్యకార్యము చేసితిమన్న మాట గాని, మోసపోతిమన్న యేడ్పు గాని మితిమీఱదు. తాను మోసపోయినవాడయ్యు, తన యింటివంటి యిండ్లనుండి వచ్చు ధనమే ఆ మోసమును పోషించినదని యొప్పుకొనుట సామాన్యధైర్యము కాదు. కాని మాకొక లోటు తోచినది. ఆ యింటి లోపలి సంగతి దాదాపుగా కనబడదు. ఆ యిద్దఱు పిల్లలు రాత్రి పడకమీద ఒకరితో నొకరు తెలుగున మాటాడుకొనిరా? ఆ తెలుగు ఎన్నాళ్లు నిలిచినది? ఆ యింటి తిండి వారికి హితవైనదా? తల్లి దొఱకినప్పుడు ఏ భాషలో పలుకరించిరి? ఆచార్యుడు వీనిని సాక్ష్యముగా నెంచి యుండడు. మేమెంచుదుము.

వీనిలో నేది తెలుగునకు రావలెనని యడిగినచో, మొదట స్మోలిన్ వ్యాసమునే చెప్పుదుము. తరువాత జాన్సన్ గ్రంథమును, ప్రేగర్ దినచర్యను. ఎఱ్ఱదారపు బొమ్మలపుస్తకమును గూడ పిల్లల చేతికీయవచ్చును. అయితే చదివి వినిపించువారు కడపటి పుట త్రిప్పినవెంటనే దీపమార్పక, శిశువు పాదమునకు చుట్టిన ఆ దారమునకు ముందు ఆ బిడ్డ యెవరి యొడిలో నుండెనో పిల్ల యడుగువఱకు కొంచెము సేపు కూర్చుండవలెను.